యాదమ్మ బోరు నీళ్లు, నా సంతకం

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను ఉప్పల్‌లోని ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో సీనియర్ కెమిస్ట్‌గా వేశారు. నాచారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల బోరు నీళ్ల ఫిర్యాదులన్నీ మా దగ్గరికే వచ్చేవి. పరీక్షలు జూనియర్లు చేసేవారు. రిపోర్టు మీద సంతకం మాత్రం నాది. అది పడితే ఫిర్యాదు తేలిపోయినట్టే.

ఆ ఏప్రిల్‌లో యాదమ్మ ఫిర్యాదు వచ్చింది. ఆమె నాచారంలో టిఫిన్ సెంటర్ నడిపేది. బోరు నీళ్లు గోళ్ల రంగు తుడిచే మందులా వాసన వస్తున్నాయని రాయించింది. ఆమె వెనక గోడకు ఆనుకుని రంగుల్లో కలిపే థిన్నర్ తయారుచేసే యూనిట్ ఉంది. థిన్నర్‌లో ఇథైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ ఉంటుంది. మా సిబ్బంది నీళ్లు తెచ్చి పరీక్షించారు. ఎస్టర్ కనబడలేదు. అదే రాసి సంతకం పెట్టాను.

కొన్నాళ్లకు ఆమె మూత బిగించిన స్టీలు క్యానుతో నా గదికి వచ్చింది.

“మేడం, మీ కాయితం సూపెట్టి ఆ కంపెనోళ్లు నేను అబద్ధమాడుతున్ననంటున్రు. గా నీళ్లతోని ఇడ్లీ వెట్టబుద్ధిగాక దుకాణమే బంద్ వెట్టిన. అబద్ధమాడేదాన్నైతే బంద్ వెడ్తనా? జర మీరే వాసన సూడుండ్రి.”

ఆ నీళ్లు ఎప్పుడు పట్టావని అడిగాను.

“మీవోళ్లు వచ్చిన దినమే. గదే నల్లాకు.”

మూత తీశాను. వాసన ఘాటుగానే ఉంది.

ఒకే రోజు, ఒకే నల్లా నీళ్లు. క్యానులో ఉన్నది మా సీసాలో ఎందుకు లేదు? స్టోరుకు వెళ్లి సీసా తీయించాను. అది సైనైడ్ పరీక్ష కోసం కాస్టిక్ సోడా వేసి సిద్ధం చేసిన సీసా. సీసాకు అంటించిన చీటీ మీద ఆ మాట రాసే ఉంది. సంతకం పెట్టే ముందు నేను చదవలేదు.

ఎస్టర్ అంటే ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడిన పదార్థం. నీళ్లలో మళ్లీ ఆ రెండుగా విడిపోతుంది. మామూలు నీళ్లలో ఇథైల్ ఎసిటేట్ అలా విడిపోవడానికి నెలలు పడుతుంది. కాస్టిక్ సోడా గట్టిగా కలిస్తే నిమిషాలు చాలు. సీసాలోని నీళ్లను ఆ రెండింటి కోసం పరీక్షిస్తే రెండూ దొరికాయి.

జరిగింది మా ల్యాబ్ అధికారికి చెప్పాను. కొత్త నమూనా తెప్పించి కొత్త రిపోర్టు ఇమ్మన్నారు, పాతదాన్ని కెలకొద్దన్నారు. పాత కాగితం ఆ యూనిట్ చేతిలో ఉన్నంతకాలం యాదమ్మ మాట చెల్లదు. పొరపాటు నాదేనని రాసి రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. నాకు మెమో వచ్చింది.

ఈసారి నేనే వెళ్లాను. ఎస్టర్ ఆవిరైపోకుండా, గాలి బుడగ మిగలకుండా గాజు సీసాలు నింపి, ఐసు పెట్టెలో పెట్టి తెచ్చాను. ఎస్టర్ దొరికింది. తనిఖీలో ఆ యూనిట్ భూగర్భ ట్యాంకుకు పగులు బయటపడింది. పని ఆపించారు. యాదమ్మ బోరు మాత్రం బాగుపడలేదు. ట్యాంకర్ నీళ్లతో దుకాణం తెరిచింది.

సరిచేసిన రిపోర్టు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆమె ఒకటే మాట అంది. “మొదలే ఒకపాలి వచ్చి వాసన సూసుంటే అయిపోతుండె గద మేడం.”

నమూనాను ఏ సీసాలో పట్టారో, అందులో ముందే ఏమి వేశారో తెలియకుండా ‘కనబడలేదు’ అని రాయకూడదు. ఆ తర్వాత చీటీ చదవకుండా దేని మీదా సంతకం పెట్టలేదు.