అయిపోయిన సెల్లుల అల్లుడు

ఎవరింటికి వెళ్లినా వైకుంఠరావు ముందు పలకరించేది మనుషుల్ని కాదు, టీవీ రిమోట్‌ని. దాని వెనక మూత తీస్తాడు. సెల్లులు అరచేతిలో వేసుకుంటాడు. జేబులోంచి మీటరు తీసి కొలిచి, అప్పుడు "బాగున్నారా?" అంటాడు. అడిగింది ఇంటివాళ్లనో సెల్లులనో ఇప్పటికీ తేలలేదు.

"సెల్లు అయిపోయింది" అన్న మాట ఆయన ముందు అనకూడదు.

"ఎవులన్నారు అయిపోయిందని? సగం సత్తువ దాంట్లోనే ఉన్నాది. మీ రిమోట్‌కి పీల్సుకోడం సేతకాక ఒగ్గేసింది" అని, దాన్ని జేబులో వేసుకుని పోతాడు. టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే పెద్దమనిషి మరి.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే గౌరీశంకర్‌కి ఈ మహానుభావుడు స్వయానా బావ, అక్క జానకి మొగుడు. దసరాకి అత్తవారు కొత్త బట్టలు పెడితే పళ్లెం పక్కకి జరిపి, "గోడ గడియారంలో సెల్లు మార్సినట్టున్నారు, పాతదెక్కడ?" అని అడిగిన అల్లుడు ఉద్దానం మొత్తానికి ఈయనొక్కడే.

సోంపేటలో ఎవరో పెద్దాయన పోతే బావా బావమరుదులిద్దరూ పరామర్శకి వెళ్లారు. అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. వైకుంఠరావు చూపు మాత్రం నీరసంగా కొట్టుకుంటున్న గడియారం మీద పడింది. చడీచప్పుడు లేకుండా కుర్చీ ఎక్కి సెల్లు తీసేశాడు. గడియారం ఆగిపోయింది. గౌరీశంకర్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఇంటివాళ్లు మాత్రం ఇదేదో టెక్కలి వైపు పెద్దల ఆచారం కాబోలనుకుని చేతులు జోడించారు. పన్నెండో రోజున గడియారం మళ్లీ నడిపించడానికి బాబుగారే రావాలని కబురు కూడా పంపారు. ఆయన వెళ్లాడు. తిరిగొస్తూ వాళ్ల టార్చిలైటు సెల్లులు తెచ్చుకున్నాడు.

ఈ సెల్లులన్నీ ఎందుకంటే, కొన్నేళ్లుగా ఆయన ఒక బుల్లి కన్వర్టరు తయారుచేస్తున్నాడు. సెల్లులో బలం తగ్గిపోయినా, మిగిలిన కొసరు పిండి వస్తువుకి కావలసినంత నిలకడగా అందించడం దాని పని. చిక్కేమిటంటే, అందించే నెపంతో అదే సగం తినేయకూడదు.

"మజ్జిలో ఉన్నోడే మింగేత్తే అవతలోడికేటి మిగుల్తాది గౌరీ?" అనేవాడు. ఊరి రాజకీయాల్లో తిరిగే గౌరీశంకర్‌కి ఈ సిద్ధాంతం బొత్తిగా కొత్త.

మొదట్లో అది సబ్బుపెట్టంత ఉండేది. తర్వాత అగ్గిపెట్టంత అయింది. ఈ ఏడు బద్దలు విడని జీడిపప్పు గుండంతకి దిగింది.

"ఏటి బావా, గుండు దాకా వచ్చినావు. బద్ద ఎప్పుడు?"

"బద్దే కావాల. గుండైతే పట్టదు."

"దేన్లో పట్టదు?"

"పట్టాల్సిన దాన్లో."

ఇలాంటి జవాబులకి జీతమిచ్చే కాలేజీ ఉండడం పిల్లలు చేసుకున్న పుణ్యం అనుకునేవాడు గౌరీశంకర్.

అయితే అతని నవ్వంతా వీధిలోనే. ఇంట్లో తల్లి రత్నాలమ్మ అతను పిలిస్తే పలకడం మానేసింది. మందస దగ్గర ఆవిడ తన చేతులతో పెంచిన జీడితోటని అప్పుల్లో పడి అమ్మేశాడు. ఆ సంగతి పక్కన కూర్చుని, తల దించుకుని చెప్పాడు. ఆవిడ ఒక్క మాటా అనకుండా లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. అప్పట్నించీ ముఖం చూసే ధైర్యం లేక వెనకనుంచే పిలుస్తాడు. ఆవిడ పలకదు. విశాఖపట్నం నుంచి తెచ్చిచ్చిన చెవి మిషను మాత్రం మెడలోనే వేలాడుతుంటుంది. వినబడీ పలకడం లేదంటే ఎంత కోపమో అని అతను లోలోపల కుమిలిపోయేవాడు.

ఒక ఆదివారం వైకుంఠరావు వచ్చి, విడ్డూరంగా రిమోట్‌ జోలికి పోలేదు. నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్లి, మెడలోని మిషను సైగచేసి తీసుకున్నాడు. మూత తీసి, జీడిబద్దంత ముక్కని సెల్లు పక్కన ఇరికించాడు. ఉన్న సెల్లు తీసి జేబులోంచి పాతదొకటి వేశాడు.

"అదేటి బావా! మంచి సెల్లు తీసి పనికిమాలింది ఏత్తన్నావు?"

"ఈ మంచి సెల్లు నువ్వు మిషను కొన్ననాటిది. మీ ఇంట్లో సెల్లులన్నీ నాకొత్తన్నాయి గాని, ఈ మిషనుది ఒక్కటీ రానేదు. రోజల్లా నడిసేదైతే రాకెక్కడికి పోద్ది? అత్తమ్మ ఆపేసి ఉంచుతున్నాది. మాటిమాటికీ నీసేత కొనిపించడం ఇష్టం నేక."

"నాతో అంటే పెట్టెడు సెల్లులు తెచ్చి పడేద్దును కదా!"

"కొత్తవిత్తే దాసుకుంటాది గౌరీ. పారేసిందాన్ని ఎవులు దాసుకుంటారు? అందుకే పాతవాటితో నడిసేటట్టు సేసినాను" అని వైకుంఠరావు స్విచ్చి వేసి మిషను అత్తగారికి అందించాడు.

గౌరీశంకర్‌కి కళ్లు చెమర్చాయి. తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, తోట అమ్మేసినానని ఇంకా కోపమేనా?"

రత్నాలమ్మ చెవిలో వైరు సర్దుకుంది.

"ఏ తోటరా?"

గౌరీశంకర్ బావ వైపు చూశాడు. బావ కిటికీ వైపు చూశాడు.

"మందస తోట" అన్నాడు గౌరీశంకర్, పీలగా.

"ఓలమ్మో! ఎప్పుడమ్మేసినావురా? ఎవుల్నడిగి అమ్మేసినావు?" అని అందుకుందావిడ. భోజనాల వేళకీ ఆగలేదు, భోజనాలయ్యాకా ఆగలేదు.

"బావా, ఆ పాత సెల్లు ఎంతసేపొత్తాది?" అని గుసగుసగా అడిగాడు గౌరీశంకర్.

"వారం దాకా ఢోకా నేదు."

"ఆ గుసగుసలేటిరా? నాకినబడతన్నాది!" అంది రత్నాలమ్మ.

గౌరీశంకర్ తల్లికి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాడు, ఒక్క తిట్టూ పోకుండా.