చివర డబ్ల్యూ ఉన్న స్కూటరు

కొత్త కాపురానికి గాజువాక వచ్చాక నేను నేర్చుకున్న చదువల్లా బళ్ల నంబర్లే. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనులు జరుగుతున్న రోజులవి. మా ఆయనకు గేటు దగ్గర ఉద్యోగం. లోపలికి వచ్చే ప్రతి లారీ నంబరూ పుస్తకంలో రాయాలి. ఇంటికొచ్చినా అవే కబుర్లు. మొదటి అక్షరం 'ఏ' అంటే మన రాష్ట్రం. చివరిది జిల్లా: వి అంటే విశాఖపట్నం, కె అంటే కృష్ణా, డబ్ల్యూ అంటే మా పశ్చిమ గోదావరి. మధ్యది వరస; నాలుగంకెల నంబర్లు అయిపోతే అది మారుతుంది. సొంత బండికి నల్ల రేకు మీద తెల్ల అక్షరాలు, అద్దె బండికి తెల్ల రేకు మీద నల్లవి. "ఇవాళ మన డబ్ల్యూలు రెండొచ్చాయే!" అని ఆయన చెబితే నాకు చుట్టాలొచ్చినంత సంబరం.

ఆ సంబరానికి కారణముంది. నాకప్పుడు ఏడో నెల. అమ్మ పోయి మూడేళ్లు. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కు లేదు, అత్తగారేమో మంచం దిగలేని మనిషి. ఇరుగుపొరుగంతా నాలాంటి కొత్త కాపురాలే, పురుళ్లకు ఊళ్లు వెళ్లిపోయేవాళ్లే. నొప్పులు పడేటప్పుడు నా పక్కన ఎవరుంటారన్నదే భయం. పైకి మాత్రం బింకంగా తిరిగేదాన్ని. బస్సెక్కినా కళ్లు రోడ్డు మీద బళ్ల వెనకే. మా జిల్లా వాళ్లు దొరికితే వాళ్లింట్లో ఒక పెద్దావిడ ఉండకపోదా అని ఆశ.

పూర్ణా మార్కెట్‌కి చింతపండు కొనడానికి వెళ్లినప్పుడు దొరికింది. సందు మొదట్లో స్కూటరు, నల్ల రేకు, చివర డబ్ల్యూ. "ఎండగా ఉంది, పద" అని మా ఆయన విసుక్కున్నా కదల్లేదు. ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అరగంటకు తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన గుండీల డబ్బాలు పట్టుకుని వచ్చాడు. వెనకే బురఖాలో ఆయన భార్య.

"మనది ఏ ఊరండీ? భీమవరమా, నరసాపురమా?" అన్నాను ఊపిరి తిప్పుకోకుండా.

"భీమవరమేటమ్మా? మాది కోటవీధి. నాను పుట్టిందీ పెరిగిందీ ఈడే" అన్నాడాయన.

"మరి ఈ బండి?"

"సెకండ్ హ్యాండుది. పోర్టులో పనిసేసే బాబు నాకమ్మేసి ఎల్లిపోనాడు. రాష్ట్రం దాటితేగానీ నెంబరు మార్సక్కర్లేదట. బండి పుస్తకంలో పేరొక్కటే మారింది."

మనుషులు మారినా నంబరు బండినే అంటిపెట్టుకుని ఉంటుందని రోజూ నంబర్లు రాసే మనిషికి తెలియదా! మా ఆయన వైపు కొరకొరా చూశాను. "నువ్వు వింటే కదా చెప్పడానికి" అని గొణిగారు. అంతే, నడిబజార్లో భోరుమన్నాను.

ఆ పెద్దావిడ ముసుగు పైకెత్తి నా దగ్గరకొచ్చారు. "ఏటమ్మా, ఏటయింది? ఎన్నో నెల?" అన్నారు. ఏడుస్తూనే అంతా చెప్పేశాను: అమ్మ లేదని, ఎవరూ లేరని, డబ్ల్యూ అని. ఆవిడకు డబ్ల్యూ సంగతి ఒక్క ముక్క అర్థం కాలేదు. మిగతాదంతా అర్థమైంది.

"పెద్దాసుపత్రి మా ఇంటికి దగ్గరే. నొప్పులొత్తే సెప్పు, నానొత్తాను" అన్నారు.

మాటవరసకు అన్నారనుకున్నాను. ఆ తరవాత నెలలు నిండేలోపు మూడుసార్లు గాజువాక వచ్చి నన్ను చూసి వెళ్లారు. స్కూటరు మా ఇంటి ముందు ఆగితే పక్కింటావిడ రేకు చూసి "మీ ఊరివాళ్లొచ్చారు" అని కేకేసేది. నేను కాదనలేదు. కాదనాలని అనిపించలేదు కూడా.

ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన అడిగి తెచ్చిన ఫ్యాక్టరీ జీపు కోటవీధిలో ఆపితే ఆవిడ చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా ఎక్కేశారు. ఆసుపత్రిలో నర్సు వార్డు తలుపు దగ్గర అడ్డం నిలబడి, "ఒక్క ఆడమనిషినే రానిస్తాం. ఈవిడ తాలూకు ఎవరు?" అంది.

మా ఆయన నోరు తెరిచేలోపే, "నానే" అన్నారావిడ.

నర్సు ఆవిడ బురఖా చూసింది, నా బొట్టు చూసింది.

"అలా సూత్తావేటమ్మా? పిల్ల నిలబడలేకపోతంది, తలుపు తియ్యి!"

తలుపు తీసింది. ఆ రోజు నొప్పి వచ్చిన ప్రతిసారీ "అమ్మా" అని అరిచాను. ప్రతిసారీ ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఉన్నానమ్మా, ఈడే ఉన్నాను" అన్నారు.