మార్చమన్న కెమెరా

2022 వేసవి. విజయనగరంలో గంటస్తంభానికి కూతవేటు దూరంలో మా కెమెరాల కొట్టు. అప్పటికే ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాను. ఫోన్లు వచ్చి మా వ్యాపారాన్ని సగం మింగేశాయి. మిగతా సగం పెళ్లి ఫొటోగ్రాఫర్ల చలవతో నడుస్తోంది. అయినా అప్పుడప్పుడు, ఇంట్లో రోజువారీ ఫొటోలకు ఒక మంచి చిన్న కెమెరా కావాలని వచ్చేవాళ్లుంటారు. అలాంటి గిరాకీ గుమ్మం ఎక్కితే నాకు ఆకలి కూడా తెలియదు. క్యారేజీ విప్పావా లేదా అని మా ఆవిడ ఫోన్ చేసి తిట్టేదాకా ఆ కబుర్లలోనే ఉంటాను.

ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్లు ముగ్గురు. రమణకు నరసన్నపేటలో బియ్యం, పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. ముప్పై దాటిన మనిషి. పక్కన భార్య లావణ్య, ఆమె చంకలో రెండున్నరేళ్ల జాహ్నవి. సింహాచలంలో పాపకు పుట్టు వెంట్రుకలు తీయించి తిరిగి వెళ్తూ, కెమెరా కోసమని దారి మళ్లి మా ఊరొచ్చారు. పాపకు నున్నటి గుండు, దాని మీద ఎండిన గంధం. ఆ మొక్కు తీరేదాకా పిల్లకు కెమెరాతో ఫొటో తీయకూడదని వాళ్లింట్లో పట్టింపట. మరి ఇన్నాళ్లూ ఫొటోలే లేవా అని అడిగాను.

“సెల్లులో వేలున్నాయి గురువుగారు. సెల్లుకి దిష్టి లేదని మా అమ్మే తేల్చీసింది,” అన్నాడు రమణ.

అతను వీడియోలన్నీ చూసి, రెండు మోడళ్ల పేర్లు కంఠస్థం చేసి వచ్చాడు. రెండూ ఫిక్స్‌డ్ లెన్స్ కాంపాక్ట్‌లే. అంటే లెన్సు ఊడదీసి ఇంకోటి బిగించే వీలుండదు. వీటిలో జూమ్ కూడా లేదు, దగ్గరగా కావాలంటే మనమే నాలుగడుగులు వేయాలి. దానికి బదులు ఆ ఒక్క లెన్సునూ లోపలి సెన్సర్‌కి, అంటే బొమ్మను పట్టే పలకకి, అతికినట్టు సరిపోయేలా తయారు చేస్తారు. అంత చిన్న పెట్టె నుంచి అంత మంచి ఫొటో రావడానికి కారణం అదే. మొదటి మోడల్ కాస్త బొద్దుగా ఉంటుంది. కంటికి ఆనించుకుని చూసే కిటికీ, చిన్న ఫ్లాష్ ఉంటాయి. రెండోది చొక్కా జేబులో పడుతుంది, ఎదురుగా ఉన్నదాన్ని ఇంకా వెడల్పుగా చూస్తుంది, కానీ ఫ్లాష్ లేదు.

“రెండిట్లో ఏది తీసుకోమంటారో ఒక్క ముక్కలో సెప్పీండి,” అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పే అలవాటు నాకు పుట్టుకతో లేదు. కొనేవాళ్ల మనుషుల్నే కొట్టులో కూర్చోబెట్టి రెండిటితోనూ తీసి చూపించడం నా పద్ధతి. తీసేముందు, కెమెరా తనంతట తాను బొమ్మకు మెరుగులు దిద్దే సెట్టింగులన్నీ ఆపేస్తాను. రెడ్-ఐ కరెక్షన్ కూడా ఆపేస్తాను. మసక వెలుగులో ఫ్లాష్ కొడితే ఆ వెలుగు కంటి వెనకున్న రెటీనాకు తగిలి, అక్కడి రక్తనాళాల రంగు పులుముకుని తిరిగొస్తుంది. అందుకే ఫొటోలో కళ్లు ఎర్రగా పడతాయి. చిన్న కెమెరాల్లో ఫ్లాష్, లెన్సు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ బెడద ఎక్కువ. ఆ ఎరుపును చెరిపేసేదే రెడ్-ఐ కరెక్షన్. లోపాలన్నీ కళ్లారా చూసి కొనుక్కుంటే రేపు నా మీదికి తగువుకి రారు కదా అని నా లెక్క.

కొట్టు వెనక గదిలో లైట్లు తగ్గించి, పాపను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, ఫ్లాష్ ఉన్నదానితో తీశాను. తెర మీద చూశాను. కుడి కన్ను ఎర్రగా పడింది. ఎడమ కన్ను పాలచుక్క వేసినట్టు తెల్లగా పడింది.

రమణ నా భుజం మీదుగా తొంగి చూశాడు. “ఇదేటండీ ఇలాగుంది? పీసులో ఫాల్టు ఉన్నాది. మార్చీండి.”

బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పప్పు తీసి, పుచ్చు కనిపిస్తే లారీని అలాగే వెనక్కి పంపే వ్యాపారస్తుడు అతను. నాకూ ఫాల్టే అనిపించింది. లెన్సు తుడిచి మళ్లీ తీశాను, తెలుపు పోలేదు. అదే మోడల్ ఇంకో పెట్టె సీలు కోసి కొత్త పీసుతో తీశాను. అందులోనూ ఆ కన్నే, ఆ తెలుపే. కంపెనీవాడు లాటు మొత్తం పాడుచేసి పంపాడని మనసులో తిట్టుకున్నాను కూడా.

ఫ్లాష్ లేని రెండో మోడల్‌తో తీశాను. ఫొటో ముచ్చటగా వచ్చింది. గుండు మీద గంధం బీటలతో సహా కనిపిస్తోంది, రెండు కళ్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

“ఇదీ సరుకంటే. ఇదే కట్టీండి,” అన్నాడు రమణ.

పెట్టె కోసం చెయ్యి చాచాను. అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అని విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎదురుగా గోడ మీద ఒక పోస్టరు ఉంది. పసిపిల్ల ముఖం, ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా. ఎవడో చేతకానివాడు తీశాడు, రెడ్-ఐ కూడా సరిచేసుకోలేదు అని అమ్మతో వెటకారం చేశాను. ఆసుపత్రిలో కూర్చుంటే వేరే పనేముంటుంది, ఆ తర్వాత కింద రాసింది కూడా చదివాను. ఫ్లాష్ ఫొటోలో పిల్లల కన్ను ఒకటి తెల్లగా పడితే వెంటనే డాక్టరుకు చూపించండి, కంట్లో కేన్సర్ కావచ్చు అని ఉంది. చదివాను, మర్చిపోయాను. ఇప్పుడు ఆ పోస్టరే మొదటి కెమెరా తెర మీద ఉంది.

చేతిలో ఉన్నదాన్ని బల్ల మీద పెట్టి, మొదటిదాని తెరను తల్లి వైపు తిప్పాను.

“అమ్మా, పాప కన్ను ఇంట్లో ఎప్పుడైనా ఇలా కనిపించిందా?” అని లావణ్యను అడిగాను.

ఆమె నవ్వుతూ చెప్పింది. “కరెంటు పోయినప్పుడు టార్చి ఏస్తే ఎడమ కన్ను మిలమిలమంటాదండి. పిల్లికన్ను, అదృష్టం అంటారు మా అత్తగారు. రోజూ దిష్టి తీస్తారు.”

అంటే ఇది ఇవాళ పుట్టింది కాదు. ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నారు, చూసి మురిసిపోతూ ఉన్నారు.

“బాబూ, ఇవాళ నీకు ఏ కెమెరా అమ్మను,” అన్నాను రమణతో. “రేపు పొద్దున్నే పాపని విశాఖపట్నం తీసుకెళ్లి కంటి డాక్టరుకి చూపించు. ఇది కెమెరా ఫాల్టు కాదేమోనని నా భయం.”

అతని ముఖం మారిపోయింది. “అంటే ఏటండీ? మీ సరుకులో లోపం ఉంటే నా కూతురి మీదికి తోసీస్తారేటి? దేవుడి దగ్గిర్నించి వస్తన్నాం. నోట రావలిసిన మాటేనా అది?”

అతన్ని తప్పు పట్టలేదు. నా కూతురి గురించి ఎవడో కొట్టువాడు ఆ మాటంటే నేను చెంప పగలగొట్టి ఉండేవాణ్ణి.

“నేను డాక్టర్ని కాదు బాబూ. నాకు తెలిసింది కెమెరా ఒక్కటే. కెమెరాలో లోపం ఉంటే అందరికీ ఒకేలాగ పడాలి. కూర్చో, నిన్ను తీస్తాను.”

కోపంగానే కూర్చున్నాడు. అతని కళ్లు రెండూ ఎర్రగా పడ్డాయి. లావణ్యను తీశాను, రెండూ ఎరుపే. కళ్లద్దాలు తీసి నేను కూర్చుని, కెమెరా అతని చేతికే ఇచ్చాను. నావీ రెండూ ఎరుపే. ఇప్పుడు పాపను నువ్వే తియ్యి అన్నాను.

తీశాడు. తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. కోపం ఎటో పోయింది. కాసేపటికి జేబులోంచి ఫోన్ తీసి పాప ఫొటోలు ఒక్కొక్కటే తోసుకుంటూ పోయాడు. ఉయ్యాల్లో పాప, పప్పు బస్తా మీద పాప, తూకం పళ్లెంలో కూర్చున్న పాప. అన్నీ పగటి వెలుగులో తీసినవే, ఒక్కదానికీ ఫ్లాష్ లేదు.

“ఇన్ని ఉన్నాయి గురువుగారు,” అన్నాడు. “ఇన్నిట్లో ఒక్కటీ సెప్పలేదు.”

“ఏటైందండీ? ఎవరూ మాటాడరేటి?” అంటూ లావణ్య మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. పాప కెమెరా పట్టీని నోట్లో పెట్టుకుని నములుతోంది. ఆ ఫొటోలు ఒక కార్డులో వేసి, డాక్టరుకు చూపించమని అతని చేతిలో పెట్టాను. ఆ రోజు నా క్యారేజీ విప్పకుండానే ఇంటికి పోయింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నేను పొరబడి ఉండాలని కోరుకున్నాను. ఆ మనిషి మళ్లీ వచ్చి నలుగురిలో నన్ను కడిగిపారేయాలని, పసిదాన్ని పట్టుకుని అపశకునం మాటలాడతావా అని నిలదీయాలని కోరుకున్నాను. వారం దాటాక ఫోన్ వచ్చింది.

“రెటినోబ్లాస్టోమా అంట గురువుగారు.” ఆ పేరును ముక్కలు ముక్కలుగా పలికాడు. పసిపిల్లలకు రెటీనాలో పుట్టే కేన్సర్ అది, ఫ్లాష్ వెలుగు ఆ గడ్డకు తగిలి తెల్లగా తిరిగొస్తుంది. “ఎడమ కన్ను తీసీయాలంట. కుడిది బాగానే ఉన్నాదంట. కంటి నరం దాకా పోలేదు, పోయుంటే పేణానికే వచ్చీదన్నారు.” తర్వాత ఆ రోజు మాటెత్తాడు. “మీరు ఆ రెండో కెమెరా కట్టి ఇచ్చీసుంటే, నాను సంతోషంగా ఇంటికెళ్లిపోదును,” అన్నాడు.

ఫోన్ పెట్టేసి, పట్టపగలే షట్టరు దించేశాను. ఏడ్చాను. రెండున్నరేళ్ల పిల్లకు కన్ను తీసేయడమా అని ఏడ్చాను, పిల్ల బతుకుతుందని కూడా ఏడ్చాను.

ఏడాది దాటాక ముగ్గురూ మళ్లీ మా గుమ్మం ఎక్కారు. పాపకు జుట్టు చెవులు దాటి పెరిగింది. ఎడమ వైపు పెట్టుడు కన్ను ఉంది, చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

“ఆ రోజు నాను మార్చమన్న పీసు ఉన్నాదా, అమ్మీసారా?” అన్నాడు రమణ.

ఉంది. అమ్మబుద్ధి కాక బీరువా పైఅరలో పెట్టాను. దానికన్నా కొత్త మోడల్ వచ్చిందని చెప్పాను. ఇంట్లో పిల్లల ఫొటోలకు ఆ ఫ్లాష్ లేనిదే మేలని కూడా చెప్పాను. కొట్టువాణ్ణి కదా, నోరు ఊరుకోదు.

“వద్దండి. నాకు అదే కావాలి.”

రెడ్-ఐ కరెక్షన్ నేను ఆపబోతే, తనే తీసుకుని ఆపాడు. పాప ఈసారి ఒక్కతే కుర్చీ ఎక్కి కూర్చుంది. లైట్లు తగ్గించాను. లావణ్య గోడ వైపు తిరిగి నిలబడింది. పెద్ద డాక్టర్లు ఎప్పటికప్పుడు పరీక్షలు చేస్తూనే ఉన్నారట, అయినా ఆవిడకు భయం తీరలేదు. రమణ తీసి, తెరను పెద్దది చేసి చూశాడు. పెట్టుడు కన్ను నల్లగా ఉండిపోయింది. కుడి కన్ను కుంకుమ బొట్టులా ఎర్రగా పడింది.

“ఎర్రగానే ఉన్నాది,” అన్నాడు. అప్పుడు గాని ఆవిడ ఇటు తిరగలేదు.

ముప్పై ఏళ్లు ఆ ఎరుపును లోపమనే చెప్పి అమ్మాను. దాన్ని చెరిపేసే కెమెరాకు ఎక్కువ ధర చెప్పాను. ఇప్పుడు పసిపిల్లలున్న ఇంటికి ఏ కెమెరా అమ్మినా, ఆ సెట్టింగు ఆపి, మసక వెలుగులో ఒక్కసారైనా ఫ్లాష్ కొట్టి, పిల్లల కళ్లు చూసుకోమని చెబుతున్నాను. కన్ను తెల్లగా పడితే పీసు మార్చమని నా దగ్గరికి రావద్దని, తిన్నగా డాక్టరు దగ్గరికి పొమ్మని చెబుతున్నాను. ముసలాడికి చాదస్తం ముదిరిందని కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆ రోజు జాహ్నవి కుర్చీ దిగొచ్చి, తండ్రి చెయ్యి కిందికి లాగి తెరలోకి చూసింది. తర్వాత నా వైపు తలెత్తింది.

“తాతా, నా కన్నేటి ఇలాగ ఎర్రగా ఉన్నాది?”

నేను నోరు తెరిచేలోగా వాళ్ల నాన్న చెప్పాడు.

“అలాగే ఉండాలమ్మా.”