పెదనాన్న మెచ్చిన పాట

కార్గిల్ యుద్ధం జరుగుతున్న ఆ వానాకాలంలో, మార్టూరు దగ్గర మా ఊరి బళ్ళో సైనికుల కోసం సభ పెట్టారు. అమ్మ ఆ బళ్ళోనే టీచరు. డెబ్బై ఒకటి యుద్ధమప్పుడు చిన్నపిల్లగా వీధుల వెంట పాడుకుంటూ తిరిగిన పాటనే ఆ రోజు మైకు ముందు పాడింది. సరిహద్దుకు వెళ్ళిన అన్న కోసం చెల్లెలు ఎదురుచూసే పాట. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. మైకుసెట్టు ఆయన దాన్ని రికార్డు చేసి, మర్నాడు క్యాసెట్టు తెచ్చి అమ్మ చేతికిచ్చాడు.

నాన్నకు అన్న, మా పెదనాన్న, అప్పుడు వాకిట్లో పత్తి విత్తనాల సంచులు దింపిస్తున్నాడు. సంగతి తెలియగానే క్యాసెట్టు లాక్కుని, రీలంతా బయటికి పీకేశాడు.

"మనింటి కోడలు మైకుల్లో పాడేదేంట్రా? ఊరంతా నవ్వాలనా?" అని నాన్న మీద అరిచాడు. కూలీలు చూస్తున్నారు. నాన్న తల వంచుకున్నాడు. గాలికి ఎగురుతున్న రీలు ఏరుకుని అమ్మ లోపలికొచ్చింది. ఆ తర్వాత వంటింట్లో కూడా కూనిరాగం తీయలేదు. నాకప్పటికి ఊహ తెలుసు. పెదనాన్నని వదలకూడదనుకున్నాను.

నిరుడు సందు దొరికింది. గుంటూరులో ఉండే ఒక రిటైర్డు లెక్చరరు గారు, యుద్ధాల రోజుల్లో మన పల్లెల్లో జనం పాడుకున్న పాటలు పోగుచేసి ఆల్బంగా తెస్తున్నారు. ఆ పనిమీద తిరుగుతుంటే మైకుసెట్టు ఆయన దగ్గర అమ్మ పాట అసలు టేపు దొరికిందట. వేసుకోవచ్చా అని అడగడానికి మా ఇంటికొచ్చారు.

"వేసుకోండి," అంది అమ్మ.

"సభ చిలకలూరిపేటలో పెట్టండి సార్. ముఖ్య అతిథిగా మా పెదనాన్నని పిలవండి," అన్నాను నేను.

పెదనాన్నకిప్పుడు దేశభక్తి ఉపన్యాసాలంటే ప్రాణం. శాలువా కప్పుతారంటే ఎంత దూరమైనా వెళ్తాడు. అమ్మ నా వైపు చూసింది గానీ, వద్దనలేదు.

సభలో పెదనాన్న ఆల్బం పైకెత్తి ఫొటో దిగాడు. పాడినవాళ్ళ పేర్లు లోపలి కాగితం మీద ఉన్నాయి. ఆయన విప్పి చూడలేదు. నేను ముందే అడిగి పెట్టుకున్నట్టు, లెక్చరరు గారు అమ్మ పాట వినిపించారు. పెదనాన్న కళ్ళు మూసుకుని తలాడించాడు. ఆ గొంతు ఆయనకు తెలియదు. ఆపించడమే గానీ, ఏనాడూ విన్నది లేదు.

"పాటంటే ఇదండీ! ఏ తల్లి కన్న బిడ్డో గానీ చేతులెత్తి మొక్కాలి," అన్నాడు మైకులో.

నేను స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాను. "మీ తమ్ముడి భార్య పాట పెదనాన్నా ఇది. మీరు వాకిట్లో రీలు పీకేసిన పాట."

ఆయన మొహం పాలిపోవడం తీరిగ్గా చూశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నేననుకున్నది అంతవరకే. వెనక వరసలోంచి అమ్మ లేచి రావడం నేననుకోనిది. ఆయన ఎదుట నిలబడి ఒక్క మాటైనా ఆడి ఎరగని మనిషి, నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"బావగారూ, మొక్కాలన్నారుగా. ఇంకోసారి అనండి. నన్ను చూసి అనండి."

"ఎప్పటి సంగతో... ఇప్పుడెందుకమ్మా?"

"నాకిది నిన్నటిలాగే ఉందండీ."

ఆయన శాలువా సర్దుకున్నాడు. దిక్కులు చూశాడు. చివరికి గొణుగుతూ అన్నాడు, చేతులు సగం ఎత్తి. భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను, "మనసు చల్లబడిందా అమ్మా?" అని.

అమ్మ ముందు పోతున్న పత్తి లారీ వైపు చూసింది.

"చిలకలూరిపేటలో ఆయన్నెవరు ఎరుగుదురే? మనూళ్ళో కూడా ఒక సభ పెట్టమను లెక్చరరు గారిని. ఆ రోజు వాకిట్లో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. బావగారిని నేనే వెళ్ళి పిలుస్తాను."