తాళం వేసిన ఇంట్లో మా తమ్ముడికి చక్కెర

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. పూనకం వచ్చినవాళ్లను చూసినా ముందు బీపీ చూడాలనిపిస్తుంది. మేడ్చల్‌లో ఒక ల్యాబులో రక్తం తీసే పని నాది మరి.

మా తమ్ముడు మల్లేశ్‌కు ఏళ్ల తరబడి పాంక్రియాస్ జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు. జీడిమెట్లలో ఫ్యాక్టరీ పని మానేసి, శామీర్‌పేటలో నా దగ్గరే ఉంటున్నాడు. ఆ జబ్బుతోనే షుగర్ కూడా వచ్చి, ఇన్సులిన్ మొదలైంది. అమ్మా నాయినా పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. వాడికేమన్నా అయితే నేనేం కావాలి?

నిరుడు బోనాల రోజు. అమ్మవారికి నైవేద్యం పెట్టేదాకా మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. మల్లేశ్‌ను తినమని ఎంత బతిమాలినా వినలేదు.

"నువ్వు ఒక్కపొద్దుంటే నేను తింటనా అక్కా? నువ్వొచ్చినంకనే తింట. జల్దీ రా."

మొండిఘటం. తినకపోతే షుగర్ పడగొట్టే ఇన్సులిన్‌ను అలవాటు కొద్దీ పొద్దున్నే పొడుచుకున్న సంగతి మాత్రం నాకు చెప్పలేదు. వాడు పడుకున్నాడని, లేపడం ఎందుకని, బయట తాళం వేసి బోనం ఎత్తుకున్నాను.

గుడి దగ్గర వరుసలో ఉండగా ఉన్నట్టుండి ఒళ్లు చల్లబడింది. ఆ తర్వాత కాసేపు ఏమైందో నాకు గుర్తులేదు. తెలివొచ్చేసరికి అక్కడే ఉన్నాను, ఆడవాళ్లు చుట్టూ మూగారు. బోనం పక్కింటి యాదమ్మ చేతిలో ఉంది.

"అమ్మవారొచ్చింది! పసుపు నీళ్లు సల్లుండ్రి" అని యాదమ్మ కేకలు.

ఏం అమ్మవారో! ఉపవాసం నీరసం అనుకున్నాను. కానీ ఎందుకో మల్లేశే మనసులో మెదిలాడు. బోనం ఆమెకే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

తాళం వేసినట్టే ఉంది. లోపల మల్లేశ్ చెమటతో తడిసి మంచం మీద ఉన్నాడు. మూతి నిండా చక్కెర. అటక మీదుండే చక్కెర డబ్బా వాడి పక్కనే ఉంది. చెంప ఎర్రగా కమిలింది. మిషన్ పెట్టి చూస్తే షుగర్ బాగానే ఉంది.

నన్ను చూసి మొహం చిట్లించాడు. "మళ్లొచ్చినవా? ఇగ సాలు. ఇప్పుడే గదా నోట్లె శక్కెర పోసినవ్. లేస్తలేనని గంత గట్టిగ కొడ్తరా ఎవరన్న?"

వాణ్ని పట్టుకుని భోరున ఏడ్చాను.

మగతలో తనే లేచి తిన్నాడేమో అని మర్నాడు వాణ్ని తీసుకెళ్లి డాక్టరును అడిగాను. ఈ జబ్బులో పడిపోయిన షుగర్‌ను పైకి లేపే హార్మోన్ కూడా తగ్గిపోతుందట. అంతగా పడిపోయాక అటక దాకా చేయి చాచడం కష్టమేనన్నాడు. "ఎవరు తినిపించారో గానీ, ప్రాణం నిలబెట్టారు."

"ఇంకెవరు సార్, మా అక్కే" అన్నాడు మల్లేశ్.

ఆ వేళకు నేను గుడి దగ్గర వరుసలో ఉన్నానని వాడికి ఈ రోజుకీ చెప్పలేదు.