గుమ్మం ముందు బస్సు

టైలరమ్మకి అబద్ధం చెప్పడం చేతకాదు. పాంటు బిగుతైందని వచ్చినవాళ్ళతో, ఉతికితే బట్ట ముడుచుకుపోయి ఉంటుందని అనడం ఆ వృత్తిలో ఒక మర్యాద. ఈవిడ మాత్రం టేపు మెడలో వేసుకుంటూ, బట్టకేమీ కాలేదు, మీరే కాస్త ఒళ్ళు చేశారు అని మొహం మీదే చెప్పేసేది. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు. జిప్పు ఊడితే బజారు దాకా వెళ్ళడానికి ఒక పూట పడుతుంది. ఈవిడ దగ్గరికైతే పొయ్యి మీద పాలు పెట్టి కూడా వెళ్ళి రావచ్చు. అంత సుఖం మరిగినవాళ్ళు రెండు మాటలు పడలేరా?

ఆవిడ దుకాణం నిజానికి ఒక కారు షెడ్డు. ఊరి శివార్లలో లెక్కల మాస్టారి ఇంటిది. మాస్టారు జన్మలో కారు కొనలేదు. షెడ్డు ఊరికే పడి ఉంది కదా, మిషన్ పెట్టుకోమని పన్నెండేళ్ళ కిందట ఆయనే పిలిచి ఇచ్చారు. పదవీ విరమణ అయ్యాక ఆయన వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి మకాం మార్చి, ఈ ఇల్లు అమ్మకానికి పెట్టారు. బ్రోకర్లంటే గిట్టదు కాబట్టి వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించే పని టైలరమ్మకి అప్పజెప్పారు.

"ఉన్నది ఉన్నట్టు చూపించమ్మా, చాలు. అది ఒకరి చేతిలో పడితే గాని నా మనసు కుదుటపడదు" అన్నారు ఫోన్లో.

అలాగేనంది. ఇల్లు అమ్ముడైతే తన మిషన్ వీధిన పడుతుందన్న సంగతి ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు. చుట్టుపక్కల ఇంకో షెడ్డు లేదు. బజారులో కొట్టు తీసుకునే తాహతు లేదు.

మొదట వచ్చినాయన సందంత వెడల్పున్న కారులో దిగాడు. ముక్తసరిగా చూపించి పంపేద్దామనే టైలరమ్మ అనుకుంది. కానీ ఆ ఇల్లంటే ఆవిడకి ప్రాణం. నోరు ఊరుకోలేదు. వంటింట్లోంచి పెరట్లోకి నాలుగే అడుగులని, ఆరేసిన బట్టల మీద సాయంత్రం దాకా ఎండ ఉంటుందని, మందుల షాపు, రొట్టెల కొట్టు వీధి మలుపులోనే ఉన్నాయని ఏకరువు పెట్టింది. కారాయన ముచ్చటపడిపోయాడు. చివరికి షెడ్డులోకి వచ్చి, ఈ మిషన్, బల్లా తీసేస్తే రెండు బళ్ళు పడతాయి అన్నాడు.

సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది. ఆ ఇంటి గేటు ముందే స్టాపు. బ్రేకు కీచుమంది, కిటికీ అద్దాలు గడగడలాడాయి, కారాయన చెవులు మూసుకున్నాడు. రోజూ ఇంతేనా అని అడిగాడు. రోజుకి ఇరవై రెండుసార్లండి అని టైలరమ్మ నిజమే చెప్పింది. ఆయన మళ్ళీ కనిపించలేదు.

అప్పుడు పుట్టింది ఆవిడకి బుద్ధి. దాన్ని దుర్బుద్ధి అనడానికి నాకు నోరు రావడం లేదు. ఇల్లు చూస్తామని ఎవరు ఫోన్ చేసినా బస్సు వచ్చే వేళకే రమ్మనేది. వాళ్ళు ముందు గదిలో అడుగు పెట్టగానే అద్దాలు గడగడలాడేవి. ఇందులో అబద్ధం ఏముంది, ఉన్నది ఉన్నట్టే కదా అని తనకి తానే సర్దిచెప్పుకునేది. రెండు నెలల్లో ఐదు కుటుంబాలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. అందరూ కార్లవాళ్ళే. బస్సు వాళ్ళకి చప్పుడుగా వినిపించిందే గాని బస్సుగా కనిపించలేదు.

ఒకనాడు మాస్టారు ఫోన్ చేశారు. గొంతులో మునుపటి ఉత్సాహం లేదు.

"ఒక్కరికీ నచ్చలేదామ్మా? నలభై ఏళ్ళున్నాను. అంత పనికిరాని ఇల్లా అది?"

టైలరమ్మకి ఆ పూట అన్నం సహించలేదు. ఎవరు పిలిచి చోటిచ్చారో ఆయన్నే ఏడిపిస్తున్నానని సిగ్గుతో చచ్చిపోయింది. ఇక వచ్చేవాళ్ళని బస్సులు లేని మధ్యాహ్నం వేళే రమ్మంటానని, తర్వాత తన రాత ఎలా ఉంటే అలా కానిమ్మని గట్టిగా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే బస్సు కీచుమంటూ ఆగింది. ముందు యూనిఫారంలో ఒక నర్సు దిగింది. వెనకాలే ఆవిడ తల్లి, చేతికర్ర ముందుపెట్టి దిగి, నేరుగా గేటు పట్టుకుని నిలబడింది. అమ్మకానికి ఉన్న ఇల్లు ఇదేనా అని నర్సు అడిగింది. అవునంది టైలరమ్మ.

"అంటే బస్సు ఇక్కడే ఆగుతుందా? గుమ్మం ముందే?"

కొత్త బొమ్మ దొరికిన పిల్లలా ఉంది ఆ మొహం. పదకొండు ఇళ్ళు చూశానని, అన్నీ చీమ చిటుక్కుమనని వీధులేనని, బస్సు స్టాపుకి నడిచేసరికే డ్యూటీకి ఆలస్యమయ్యేలా ఉన్నాయని ఏకబిగిన చెప్పుకొచ్చింది. ఇంకా ఇంట్లోకి అడుగైనా పెట్టలేదు.

టైలరమ్మ ఒకసారి షెడ్డు వైపు చూసింది. "మరి కారు ఎక్కడ పెడతారమ్మా?"

"నాకు కారెక్కడిది అక్కా? నేర్చుకుందామని వెళ్ళి, నేర్పే ఆయన్ని మా ఆస్పత్రిలోనే చేర్పించాను."

టైలరమ్మ షెడ్డు ముందున్న స్టూలు మీద కూర్చుంది. సంతోషం పట్టలేక, ఏం చెయ్యాలో తోచక, తను చేసిన నిర్వాకమంతా కక్కేసింది. బస్సు వేళకి జనాన్ని పిలవడం, వాళ్ళు బెదిరి పారిపోవడం, అన్నీ. నర్సు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తల్లి అయితే కర్ర కింద పడేసి మరీ నవ్వింది. ఆనక నర్సు నవ్వు ఆపి, షెడ్డుకీ ఇంటికీ మధ్య గోడ మీద చెయ్యి వేసి చూసింది.

"మీరు ఇక్కడి నుంచి వెళ్ళిపోరు కదా అక్కా? నేను డ్యూటీకి వెళ్తే అమ్మ ఒక్కతే ఉంటుంది. గోడవతల మీ మిషన్ చప్పుడు వినిపిస్తే మనిషి అలికిడి ఉన్నట్టుంటుంది. మీరుంటానంటేనే కొంటాను."

తనని వెళ్ళగొడతారని రెండు నెలలుగా వణికిన మనిషి, ఉండమని బతిమాలించుకుంటోంది. ఉంటానని తల ఊపింది. ఆ సాయంత్రమే మాస్టారికి ఫోన్ చేసి తప్పంతా ఒప్పుకుంది. ఆయన అంతా విన్నారు. తర్వాత, లెక్క తప్పుగా చేసినా జవాబు సరిగ్గా వచ్చింది, ఈసారికి మార్కులు వేస్తున్నాను అన్నారు.

నర్సు ఇల్లు మారి వచ్చింది. మొదటిరోజు పొద్దున ఆవిడ బస్సెక్కి వెళ్ళగానే టైలరమ్మ మిషన్ ముందు కూర్చుంది. చిత్రం, ఆ రోజు కుట్టడానికి ఒక్క బట్టా లేదు. అయితేనేం, మాట ఇచ్చింది కదా. దారం తీసేసి, ఖాళీ మిషన్నే తొక్కడం మొదలెట్టింది. పది దాటింది, పన్నెండు దాటింది. కాళ్ళు పీకుతున్నాయి. అవతల పెద్దావిడకి ధైర్యంగా ఉంటుంది, అంతే చాలుననుకుని, భోజనం కూడా మానేసి రెండింటిదాకా తొక్కింది.

చేతికర్ర టకటకలాడించుకుంటూ పెద్దావిడ షెడ్డులోకి వచ్చింది.

"అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది, ఒక్క గంట ఆపమ్మా. నాకు మధ్యాహ్నం కునుకు తీసే అలవాటు."