కాలవ అవతల పెళ్ళికూతురు

ముమ్మిడివరం నుంచి కాట్రేనికోన వెళ్ళే రోడ్డులో దానం డిజిటల్ స్టూడియో అని ఒక బోర్డు కనిపిస్తుంది. దాని పక్క కొట్టు నాది. జిరాక్సు, లామినేషను, ఆన్‌లైన్ దరఖాస్తులు. నా పేరు వీరవేణి. పద్దెనిమిదేళ్ళుగా మా రెండు కొట్లకీ మధ్య ఒకటే గోడ. ఆ స్టూడియో దానంగారు తుమ్మితే నాకు వినిపిస్తుంది. నేను కస్టమర్లని కసిరితే ఆయనకి వినిపిస్తుంది. నేను కసరడం ఎక్కువ కాబట్టి, వినడం కూడా ఆయన వంతే ఎక్కువ.

దానంగారి గురించి మంచీ చెప్పాలి, చెడ్డా చెప్పాలి. ముందు మంచి చెబుతాను. చెడ్డ చెప్పాక నాకు మంచి చెప్పబుద్ధి కాదు.

వాళ్ళ నాన్న కూలి పని చేసి కొడుకుని పదో తరగతి దాకా చదివించాడు. పది అవగానే ఈయన రాజోలులో ఒక స్టూడియోలో చేరి, చీకటి గదిలో ఫోటోలు కడగడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేసరికి చాలామంది పాత ఫోటోగ్రాఫర్లు కొట్లు కట్టేసి వేరే పనులు చూసుకున్నారు. ఈయన నిలబడ్డారు. చర్చి పెళ్ళి అంటే ఈ చుట్టుపక్కల ఈయన్నే పిలుస్తారు. దానికి కారణం ఉంది. మా హిందువుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు రంగురంగుల చీర కడుతుంది, ఎవరు తీసినా ఫోటో వస్తుంది. చర్చి పెళ్ళిలో తల మీద ముసుగు నుంచి కాలి మడమ దాకా అంతా తెలుపే. ఎదురుగా అంత తెలుపు కనిపిస్తే కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తనంతట తనే తగ్గించేస్తుంది. చీర మాసినట్టు, ముఖం నల్లగా వస్తాయి. అందుకని దానంగారు కెమెరా మీద ఉన్న చిన్న చక్రం తిప్పి వెలుగు ఒకటిన్నర పాయింట్లు పెంచుతారు. దానికి ఆయన ఆలోచించక్కర్లేదు. తెల్ల పట్టుచీర కంటపడగానే ఆయన బొటనవేలు ఆ పని చేసేస్తుంది. నాలుగు వందల మంది పెళ్ళికూతుళ్ళ ముఖాలు ఆ వేలి చలవ వల్లే ఆల్బముల్లో వెలుగుతున్నాయి.

ఆయనకి ఇంకో గర్వం ఉంది. ఫోటో తీశాక కెమెరా వెనక ఉన్న స్క్రీను చూసుకోరు. "వెనక్కి చూసుకుంటా కూర్చుంటే ముందు జరిగేది పోద్దండీ" అని కుర్ర ఫోటోగ్రాఫర్లకి పాఠాలు చెబుతారు. తీసిన ఫోటో స్క్రీను మీద పడకుండా ఆపేసుకున్నారు కూడా. నేనైతే జిరాక్సు కాగితం ఒక్కటి కూడా చూసుకోకుండా ఇవ్వను. ఎవరి గర్వం వాళ్ళది.

ఇక చెడ్డ. నాలుగేళ్ళ కిందట కొత్తపేటలో పగటి ముహూర్తం పెళ్ళి ఒకటి ఒప్పుకున్నారు. ఆ పొద్దున వాళ్ళావిడ పుష్పలతకి ఉన్నట్టుండి ఊపిరాడలేదు. పుష్పలత నాకు ప్రాణస్నేహితురాలు. వాళ్ళమ్మాయి నిఖిత అప్పుడు డిగ్రీ చదువుతోంది. పరుగున వచ్చి నన్ను పిలిచింది, తండ్రికి ఫోను చేసింది. స్పీకరు పెట్టి ఉంది, ఆ మాటలు నేను చెవులారా విన్నాను.

"నాన్నగారూ, అమ్మకి ఊపిరాడట్లేదండి. తొందరగా వచ్చేయండి."

"తలంబ్రాలు మొదలవుతున్నాయమ్మా. ఒక్క పావుగంట. ఇయ్యి మళ్ళీ తియ్యడానికి అవ్వదు కదా. పిన్నిగారిని ఆటో పిలవమను. నేను తిన్నగా ఆసుపత్రికే వచ్చేత్తాను."

ఆటో నేనే పిలిచాను. అమలాపురం పొలిమేర చేరేసరికి పుష్పలత చెయ్యి నా చేతిలో చల్లబడిపోయింది. దానంగారు గంటన్నర తర్వాత వచ్చారు, మెడలో కెమెరాతో. నిఖిత ఆయన ముఖంలోకి చూడలేదు, ఆ కెమెరా వైపే చూసింది. సమాధి కార్యక్రమం అయిన మూడో రోజున మేనమామ విజయకుమార్‌గారు వచ్చి ఆ పిల్లని తాటిపాక తీసుకుపోయారు. ఆయన అక్కడ బడిలో మేష్టారు. అప్పట్నుంచి నిఖిత తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మూడుసార్లు తాటిపాక వెళ్ళారు. మూడుసార్లూ ఆ పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. నాలుగోసారి వెళ్ళడానికి ఆయనకి ముఖం చెల్లలేదు.

ఆ పిల్ల తప్పని నేను అనను. అప్పట్లో నేనూ ఏడాది పాటు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత రోజూ గోడ అవతల నుంచి ఆ మనిషి ఒంటరిగా దగ్గడం, తనలో తను గొణుక్కోవడం వింటూ వింటూ నా కోపం అరిగిపోయింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో నాకు పెళ్ళి పత్రిక వచ్చింది. నిఖిత పెళ్ళి. పత్రికలో తండ్రి పేరు వేశారు గానీ ఆ తండ్రికి పత్రిక ఇవ్వలేదు. దాచి ఏం ప్రయోజనమని తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు. అక్షరాల మీద వేలితో తడిమి చూశారు.

"ఒక్క ఫోటో చాలు వేణమ్మా" అన్నారు. "పెళ్ళికూతురిగా దాని ముఖం ఒక్కటి చాలు. దగ్గరికెళ్ళను. దూరం నుంచి తీసుకుంటాను."

"సొంత కూతురి పెళ్ళికి దొంగలా వెళ్తారాండి?"

"పిలవని పెళ్ళికి ఇంకెలా వెళ్తామమ్మా?"



పెళ్ళిళ్ళన్నీ దగ్గర నుంచి తీసేవే కాబట్టి దూరపు లెన్సు ఆయన దగ్గర లేదు. బ్యాంకులో పనిచేసే వెంకటరమణగారికి పక్షుల ఫోటోల పిచ్చి ఉంది. ఆయన్ని బతిమాలి, మోచేయంత పొడుగున్న లెన్సు ఒకటి తెచ్చుకున్నారు. ఇక చూడండి, మూడు వారాల పాటు పొద్దున్నే స్కూటరేసుకుని కాట్రేనికోన అవతల రొయ్యల చెరువు గట్లకి పోయి కొంగల్ని తియ్యడమే పని. ముప్ఫై ఏళ్ళు చెయ్యి తిరిగిన మనిషికి మొదటి రోజు కొంగలన్నీ వణికిపోయి వచ్చాయి. అంత లెన్సుకి చేతి అదురే కాదు, గుండె కొట్టుకోవడం కూడా తెలిసిపోతుందట. ఇసుక నింపిన చిన్న సంచి కుట్టించుకుని దాని మీద లెన్సు ఆనించడం మొదలుపెట్టారు. షట్టరు సెకనులో వెయ్యో వంతుకి పెంచారు. ఊపిరి వదిలేసి, మళ్ళీ పీల్చేలోగా మెల్లిగా నొక్కడం అలవాటు చేసుకున్నారు. వణుకు పోయింది. అయినా కొంగలు సున్నపు ముద్దల్లా వచ్చాయి. వెనకంతా నల్లటి మడచెట్లు. ఆ నలుపు చూసి కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తోంది, మధ్యలో చిన్న తెల్ల పిట్ట మాడిపోతోంది. అంటే పెళ్ళికూతురికి చేసే దానికి తలకిందులుగా ఇక్కడ వెలుగు తగ్గించాలి. అదీ పట్టుకున్నారు. చివరి వారం ఒక కొంగ ఫోటో ప్రింటు తీసి తెచ్చారు. ఈకకి ఈక విడివిడిగా ఉంది, ముక్కున ఉన్న చేపకి పొలుసులు కనిపిస్తున్నాయి. నేను ఎవర్నీ మెచ్చుకోను. దాన్ని మెచ్చుకున్నాను.

పెళ్ళికి నేను వెళ్ళలేదు. ఆయన్ని ఎక్కడో దూరాన దొంగలా కూర్చోబెట్టి, నేను తినే విందు భోజనం నా గొంతు దిగదు.

ఆ సాయంత్రం ఆయన తిన్నగా నా కొట్లోకే వచ్చారు. అంత సంతోషంగా ఆయన్ని నాలుగేళ్ళలో చూడలేదు. చర్చి కాలవ గట్టునే ఉందట. అవతలి గట్టు మీద ఎవరిదో నీళ్ళ మోటారు పాక ఉంటే అందులో చేరి, కిటికీలో ఇసుక సంచి పెట్టుకుని కూర్చున్నారట. పెళ్ళి ఆరాధన అయ్యాక ఇద్దర్నీ ఫోటోలకని రేవు మెట్ల మీదకి తీసుకొచ్చారట.

"నా అదృష్టం వేణమ్మా, కాసేపు ఒక్కతే నించుంది. నా వైపే తిరిగి నించుంది. కళ్ళు, ముక్కుపుడక, అన్నీ లెన్సులోంచి కనపడ్డాయి. వాళ్ళమ్మే అనుకో. నీ కంప్యూటర్లో చూద్దామమ్మా, ఒక్కణ్ణే చూడలేను."

కార్డు పెట్టాను. అరవై మూడు ఫోటోలు. తెరిచిన మొదటిది చూసి కార్డు పాడైందనుకున్నాను. కొబ్బరాకులు చీలికకి చీలిక కనిపిస్తున్నాయి. రేవు మెట్ల ఇటుకలు లెక్కపెట్టుకోవచ్చు. పెళ్ళికొడుకు నల్లకోటుకి గుండీలు కుట్టిన దారం కూడా తెలుస్తోంది. ఆ పక్కన మనిషి ఆకారంలో ఒక తెలుపు. చీర లేదు, అంచు లేదు, ముసుగు లేదు. ముఖం లేదు. రెండోది తెరిచాను, పదోది తెరిచాను. అన్నీ అంతే.

దానంగారు తన కుడిచేతి బొటనవేలు వైపు చూసుకున్నారు.

"కొంగలకి తగ్గించేను వేణమ్మా. దీనికి పెంచేసేను."

వెనకంతా కొబ్బరితోట నీడ, ఎదర ఎండలో తెల్లచీర. కొంగలకీ దానికీ తేడా లేదు. మూడు వారాలు నేర్చుకున్నదంతా ఆ చీర కనపడగానే పోయింది. వేలు తన పాత పని తను చేసేసింది. స్క్రీను వైపు ఒక్కసారి చూసుకుని ఉంటే ఆ క్షణంలోనే తెలిసేది. కంప్యూటర్లో వెలుగు తగ్గించి చూశాం. ఆ తెలుపు బూడిద రంగుకి తిరిగింది గానీ అందులో కళ్ళు రాలేదు. కాలిపోయిన చోట ఏ కంప్యూటరూ ఏమీ పుట్టించలేదు.

నా ఫోన్లో ఆ పెళ్ళి ఫోటోలు ఇరవై దాకా ఉన్నాయి, వాళ్ళ చుట్టాలు స్టేటస్‌లో పెట్టినవి. చూపించబోయాను. "అయ్యి వాళ్ళు చూసినయ్యి అమ్మా. నేను చూసినది కాదు" అని లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం గోడ అవతల ఏ చప్పుడూ లేదు.

పది రోజులకి మధ్యాహ్నం పూట నిఖిత నాకు ఫోను చేసింది.

"పెళ్ళికి రాలేదేంటండీ పిన్నిగారూ?" అని కాసేపు నిష్ఠూరమాడి, "నాన్నగారు వచ్చేరండి" అంది.

"ఎవరు చెప్పేరమ్మా నీకు?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదండి. అవతలి గట్టు మీద స్కూటరు చూసేను. వెనకాల మీరేసిచ్చిన స్టూడియో పేరు స్టిక్కరు ఉంది కదండీ."

మనిషేమో పాకలో దాక్కున్నారు, స్కూటర్నేమో స్టూడియో పేరుతో సహా ఎండలో గట్టు మీద నిలబెట్టారు. అంత బెంగలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పక్క కొట్లోకి వెళ్ళి ఫోను ఆయన చేతిలో పెట్టాను. "నిఖిత" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నా ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. అందుకని ఆ రెండోసారి కూడా వాళ్ళ మాటలు నేను వినాల్సి వచ్చింది.

"నిఖితా..."

"ఆయ్, చెప్పండి నాన్నగారూ."

నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట. ఆ మనిషి ఎన్నయినా అడగొచ్చు. ఒంట్లో ఎలా ఉందమ్మా అనొచ్చు, అల్లుడుగారు బాగున్నారా అనొచ్చు. ఆయనకి వచ్చింది ఒకటే.

"ఫోటోలు పాడుచేసేసేనమ్మా. వెలుగెక్కువైపోయింది. నీ ముఖం రాలేదు. అంతసేపు ఎండలో నించున్నావు, ఒక్కటీ పనికి రాలేదు. నన్ను క్షమించమ్మా."



"నేను ఫోటో కోసం నించోలేదండి" అంది నిఖిత. "స్కూటరు చూసేక, మీరు వస్తారేమోనని నించున్నాను. మా ఆయన్ని నీడలోకి వెళ్ళమని, ఫోటోలాయన్ని కూడా పంపించేసేను. మీరొస్తే తాటిపాక మావయ్యగారికి నేనే చెప్పి లోపలికి తీసుకెళ్దామనుకున్నానండి. మీరు పాకలోంచి బయటికే రాలేదు."

"తీసుకుంటున్నానమ్మా, ఫోటో" అన్నారు దానంగారు.

ఆ క్షణాన ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది నాకు.

"తెలుసండి" అంది నిఖిత. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకనిపించింది. "ఉంటానండి మరి" అని పెట్టేసింది.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

దానంగారు ఫోను నా చేతికిచ్చి, తన కంప్యూటర్లో ఆ ఫోటోలు తెరిచారు. పెళ్ళికూతురు ఒక్కతే ఉన్నవి ఏరి ఒక పక్కన పెట్టారు. ఒక్కో ఫోటో కింద అది తీసిన టైము ఉంటుంది. మొదటిది పన్నెండు గంటల ఎనిమిది నిమిషాలు. ఆఖరిది పన్నెండు గంటల పంతొమ్మిది నిమిషాలు.

"అక్కడ వంతెన ఉందాండి?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఉందమ్మా. పాక పక్కనే. నడిస్తే రెండు నిమిషాలు."

తర్వాత ఆయన ఆ తెల్లటి ఆకారం వైపే చూస్తూ, నాతో కాదు, తనలో తనే అనుకున్నారు.

"పదకొండు నిమిషాలు చూసింది."